లివర్‌పూల్‌లో ఐరిష్ సంగీతానికి కొత్త శ్రోతల్ని ఎలా రప్పించాలి?

యూకేలో కచేరీలు నడిపిన అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా కాస్త సలహా చెప్పండి.

నేను లివర్‌పూల్‌లో ఒక చిన్న ఐరిష్ సంగీత బృందానికి ప్రచారం పని చూస్తున్నాను. 1840ల కరువులో ఐర్లండ్ నుంచి లక్షలమంది వచ్చి దిగిన రేవు ఇది, కాబట్టి ఆ మూలాలున్న పెద్దవాళ్ళు ఎలాగూ వస్తారు. వాళ్ళ పక్కింటివాళ్ళు, స్టూడెంట్లు, మనలాంటి వలస కుటుంబాలు రావడం లేదు, నా బాధంతా అదే. మార్చి 17న ఐరిష్‌వాళ్ళ పండగ సెయింట్ పాట్రిక్స్ డేకి పబ్బులు నిండిపోతాయి గానీ ఆ హడావిడిలో ఇలియన్ పైప్స్ కుదురుగా వినేవాళ్ళు తక్కువ. నోటితో ఊదకుండా, మోచేతి కింద తిత్తితో గాలి నింపుతూ వాయించే ఆ వాద్యకళని యునెస్కో 2017లో వారసత్వ జాబితాలో చేర్చింది. దగ్గర కూర్చుని వింటే లేవబుద్ధి కాదు, నిజంగా.

అందుకే ఈసారి మార్చి వదిలేసి, వేసవిలో ఏదైనా లైబ్రరీ హాల్లో పెడదామనుకుంటున్నాం. టికెట్ పెట్టాలా, ఉచితంగా రానివ్వాలా? కర్ణాటక వయొలిన్ వాయించేవాళ్ళని కూడా పిలిస్తే కొత్తవాళ్ళు వస్తారా, లేక రెండూ చెడతాయా? ఐర్లండ్ నుంచి వచ్చే కళాకారుల ఖర్చులకి కల్చర్ ఐర్లండ్ (ఐరిష్ కళల్ని విదేశాల్లో ప్రోత్సహించే ఐర్లండ్ ప్రభుత్వ విభాగం) గ్రాంట్ వచ్చినవాళ్ళుంటే, అప్లికేషన్‌లో ఏం గట్టిగా రాశారో తప్పకుండా చెప్పండి.