అరిగిన పియానో హ్యామర్లకు మళ్లీ ఆకారం తీసుకురావడం ఎలా?

ప్రశ్న:
మా గ్రాండ్ పియానోలో నడిమి స్థాయి స్వరాలు కొంతకాలంగా రేకు మీద కొట్టినట్టు కర్ణకఠోరంగా మోగుతున్నాయి. తీగలను కొట్టే చిన్న సుత్తులైన హ్యామర్లను పరీక్షిస్తే, తీగలు తగిలే చోట వాటికి చుట్టిన ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) మీద మూడేసి లోతైన గాట్లు పడి ఉన్నాయి. కోడిగుడ్డు మొనలా ఉండవలసిన కొస చదునైపోయింది. శాండ్ పేపరుతో రుద్ది సరిచేయవచ్చునా, లేక సూదులతో గుచ్చి మెత్తబరిస్తే చాలునా?

మొదటి సమాధానం:
ముందు ఆకారం, ఆ తరువాతే సూది. గాట్ల అడుగున ఉన్ని నొక్కుకుపోయి గట్టిపడినందువల్లనే ఆ కరకుదనం వస్తోంది. సన్నని చెక్కబద్దకు 120 నంబరు శాండ్ పేపరు అతికించి, హ్యామర్ భుజం (కొసకు పక్కన కిందుగా ఉండే వంపు) నుంచి కొస వైపుకు రుద్దుకుంటూ వచ్చి, కొసకు కాస్త ముందే ఆపి, రెండో వైపు కూడా అలాగే చేయండి. ఉల్లిపాయ పొర ఒలిచినట్టు ఫెల్ట్ పలుచగా ఊడి రావాలి. కొసను నేరుగా రుద్దితే మళ్లీ చదునే మిగులుతుంది. చివరగా 220, 400 నంబర్లతో నునుపు చేయండి. రుద్దేటప్పుడు రెండో చేతి వేళ్లతో హ్యామర్‌ను వెనుకనుంచి ఆనించి పట్టుకోకపోతే, అది తిరిగే ఇరుసు మీద భారం పడి వదులవుతుంది. బద్ద ఏ పక్కకూ ఒరగకూడదు.

రెండవ సమాధానం:
పై స్థాయి హ్యామర్ల విషయంలో నా విన్నపం ఒక్కటే: అక్కడ ఫెల్ట్ చాలా పలుచగా ఉంటుంది, కాబట్టి గాట్లు పూర్తిగా పోయేదాకా రుద్దాలని పట్టుబట్టకండి. లోపలి చెక్క బయటపడేటట్లుంటే కొత్త హ్యామర్లు వేయించడమే మేలు. మెట్లు, హ్యామర్లు అమర్చి ఉండే యంత్రభాగాన్ని పియానోలోంచి బయటకు లాగేటప్పుడు పొరపాటున ఒక్క మెట్టు నొక్కుకున్నా, పైకి లేచిన హ్యామర్ చట్రానికి తగిలి దాని కాడ విరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ముందుగా రెండు హ్యామర్లు సరిచేశాను. ఆకారం చక్కగా వచ్చింది, ధ్వనీ మెత్తబడింది. అయితే ఒక స్వరంలో మూడు తీగలూ ఒక్కసారిగా మోగడం లేదు.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ఆ మూడు తీగలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో ముందుగా చూసి సమం చేయండి. తరువాత హ్యామర్‌ను మెల్లగా తీగలకు ఆనించి పట్టుకుని ఒక్కొక్క తీగనూ మీటండి. మోగిన తీగకు ఫెల్ట్ తగలడం లేదన్నమాట. మూగగా ఉన్న తీగల వైపు ఫెల్ట్‌ను రవ్వంత తగ్గిస్తే సమంగా తాకుతుంది. హ్యామర్ పొట్టిదైంది గనుక, అది తీగకు సుమారు 2 మిల్లీమీటర్ల దూరంలో మెట్టు తోపు నుంచి విడుదలయ్యేట్టు మళ్లీ సర్దాలి. ఇవన్నీ అయ్యాక కూడా కరకుదనం మిగిలితే, అప్పుడు కొసను వదిలి భుజాలలో సూది గుచ్చండి.