వెనేడియం డయాక్సైడ్ మీద ఫెమ్టోసెకండ్ లేజర్: ఇది ఎలక్ట్రాన్ల పనా, వేడి పనా? (చర్చ)

నల్లగొండ_ఎమ్మెస్సీ: ప్రాజెక్టుకు హైదరాబాద్ ల్యాబులో చేరిన. వెనేడియం డయాక్సైడ్ పల్చటి ఫిల్మ్. 68 డిగ్రీల దగ్గర ఇన్సులేటర్ కాస్తా లోహమైతది. పంప్ పల్సు (ఫిల్మ్‌ను కదిలించే లేజర్ మెరుపు, కొన్ని ఫెమ్టోసెకన్లే ఉంటది; సెకండును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఫెమ్టోసెకండ్) పడంగనే రిఫ్లెక్టివిటీ (కాంతిని ఎంత వెనక్కి కొడుతదన్నది) మారుతున్నది. వేడెక్కి మారిందా, ఎలక్ట్రాన్లే ముందు కదిలినయా? గైడ్ సారుకు ఏం చెప్పాలె?

పాలమూరు_పల్సు: తమ్మీ, ముందుగాల గ్రాఫ్ మీద జీరో డిలేకు, అంటే పంప్, ప్రోబ్ (మార్పును కొలిచే రెండో పల్సు) ఒక్కసారే పడే చోటుకు, ఎడమదిక్కు చూడు. అక్కడ ప్రోబ్ ముందొస్తది, పంప్ తర్వాతొస్తది. గీత సున్న మీదనే ఉండాలె. లేచి ఉన్నదంటే కిందటి పల్సు వేడి ఇంకా దిగలేదన్నట్టు. 80 మెగాహెర్ట్జ్ (సెకండుకు 8 కోట్ల పల్సులు) లేజర్‌లో పల్సుకు పల్సుకు నడుమ 12.5 నానోసెకన్లే, ఫిల్మ్‌కు చల్లారే సందు దొరకదు. కిలోహెర్ట్జ్ ఆంప్లిఫయర్‌లో మిల్లీసెకండ్ దొరుకుతది. ఒక్కో పల్సు శక్తి అట్లనే ఉంచి రిపిటిషన్ రేటు (సెకండుకు వచ్చే పల్సుల లెక్క) తగ్గించు. సిగ్నల్ మారకుంటే పేరుకున్న వేడి కాదు.

మిర్యాలగూడ_అక్క: డిలే స్టేజిని (అద్దాన్ని జరిపి ఒక పల్సును ఆలస్యం చేసే పరికరం) కూడా చూసుకో. అద్దం ఒక్క మైక్రాన్ జరిగితే కాంతికి పోనురాను రెండు మైక్రాన్లు, అంటే దాదాపు 6.7 ఫెమ్టోసెకన్లు. మే నెలలో ఏసీ ఆగిందంటే మా టేబుల్ మీద జీరో కదిలిపోయేది. స్టేజి పొడుగునా ప్రోబ్ మచ్చ శాంపిల్ మీద పక్కకు జరిగినా, సిగ్నల్ మెల్లగ తగ్గినట్టు దొంగ గీత వస్తది. కెమెరా పెట్టి మచ్చ నిలకడగా ఉందని చూసినంకనే రీడింగు తియ్యి.

దేవరకొండ_థియరీ: సూటిగా అటో ఇటో తేల్చే పదార్థం కాదు ఇది. నికెల్ ఆక్సైడ్ సంగతి వేరే: ఎలక్ట్రాన్ల నడుమ వికర్షణను సరిగ్గ పట్టించుకోని మామూలు బ్యాండ్ లెక్కలో లోహం కావాలె, కానీ ఎలక్ట్రాన్ల నడుమ వికర్షణ వల్ల ఇన్సులేటర్. ఈ చిక్కును డి బోయర్, వెర్వే అనే శాస్త్రవేత్తలు 1937లోనే ఎత్తిచూపిండ్రు. వెనేడియం డయాక్సైడ్‌లో వికర్షణకు తోడు వెనేడియం పరమాణువులు జతలు కడతయి. 2004లో కవల్లేరీ అనే శాస్త్రవేత్త బృందం పల్సును ఎంత చిన్నగ చేసినా మార్పు దాదాపు 80 ఫెమ్టోసెకన్ల కంటే తొందరగా కాలేదు. ఆ జతలు విడేటందుకు పట్టే టైము అదేనని వాళ్ల వాదన. అందుకే "వేడి కాదు" అని తేల్చినంత మాత్రాన "ఒట్టి ఎలక్ట్రాన్లే" అని రాయకు. ఈ తేడా రిపోర్టులో తప్పక ఉండాలె.

పాలమూరు_పల్సు: ఫ్లూయెన్స్ (ఒక్కో పల్సు నుంచి ఫిల్మ్ మీద అంత జాగాలో పడే శక్తి) కూడా మెల్లమెల్లగ పెంచుకుంట పో. ఒక హద్దు దాటంగనే సిగ్నల్ చాలాసేపు నిలబడితే ఫిల్మ్ లోహమైనట్టు. హద్దు లోపల ఎలక్ట్రాన్లు ఎగిరి మళ్ల దిగుతయి. రెండు గీతలూ ఒక్క గ్రాఫ్ మీద పెట్టు.

నల్లగొండ_ఎమ్మెస్సీ: అక్కా, జీరోకు ముందు గీత కొంచెం లేచే ఉన్నది. రేపు రేటు తగ్గించి మళ్ల తీస్త, గ్రాఫ్ ఇక్కడనే పెడ్త.