‘పేజీలన్నీ ఉన్నాయండీ’ అన్న మాటను ఎంతవరకు నమ్మాలి?

అట్టలేని పుస్తకం (రాజమండ్రి):
పోయిన నెల ఒక పాత పుస్తకాల వ్యాపారితో ఫోనులో బేరమాడి 1970ల నాటి ‘యువ’ మాసపత్రిక దీపావళి సంచికలు నాలుగు కొన్నాను. నాలుగూ కలిపి ఆరు వేలు. పేజీలన్నీ ఉన్నాయా అని ఒకటికి రెండుసార్లు అడిగాను. ‘ఒకటి నుంచి చివరి అంకె దాకా నేనే లెక్కపెట్టానండీ’ అన్నాడు. పార్సిలు విప్పి చూస్తే అంకెలు వరుసగానే ఉన్నాయి. వడ్డాది పాపయ్య (వపా) గారి బొమ్మలే లేవు. నాలుగింటిలోనూ బొమ్మ ఉండవలసిన చోట కుట్టును అంటుకుని నున్నటి కాగితం అంచు గోరంత వెడల్పున నిలబడి ఉంది. బ్లేడు అంత తిన్నగా దిగింది. ఫోను చేసి అడిగితే తడుముకోకుండా, ‘బొమ్మ కాగితానికి నంబరు వేయరు కదండీ’ అన్నాడు.

నిజమే, వేయరు. అతను అబద్ధమాడాడని అనలేను. నిజం చెప్పాడని అనడానికి మనసు ఒప్పడం లేదు. మీకు ఇలాంటివి జరిగాయా? జరిగితే ఏం చేశారు? (వ్యాపారి పేరు అడగవద్దు, ఇక్కడ రాయను. డబ్బు విషయం ఇంకా తేలలేదు.)

ఆదివారం ఆబిడ్స్ (హైదరాబాదు):
చేత్తో పట్టుకోకుండా కొనవద్దు. అంతే. ఆబిడ్స్ పేవుమెంటు మీద ఆదివారం ఎండలో నిలబడి ఒక్కొక్క పేజీ తిప్పి చూసి కొన్నవాటిలో నేను మోసపోయింది తక్కువ. ఫోనులో ఫొటో చూసి కొన్నవాటిలో మోసపోనిది తక్కువ.

బెజవాడ బైండు:
అట్టలేని పుస్తకం గారూ, ఆ బ్లేడు వ్యాపారిది కాకపోవచ్చు. మా ఇంట్లో అయితే ఆ బ్లేడు మా అమ్మది.

వారపత్రిక ఇంటికి రాగానే ఎవరు ముందు చదవాలని గొడవ. అందరూ చదివి, పక్కింటివాళ్లూ చదివి తిరిగొచ్చాక అమ్మ సీరియల్ పేజీలు కోసి పరుపు కింద దాచేది. సీరియల్ ఏడాదో ఏడాదిన్నరో నడిచి ముగిశాక, ఆ కాగితాల కట్ట బైండింగు కొట్టుకు వెళ్లేది. గళ్ల అట్ట, వెనక ఎర్ర కాలికో గుడ్డ, దాని మీద అమ్మ చేతి రాతతో నవల పేరు. మిగిలిన పత్రిక, అంటే కడుపు కోసేసిన పత్రిక, తూకానికి పోయేది. ఇలాంటి ఇళ్లు మా వీధిలోనే పది ఉండేవి. కాబట్టి ఆ రోజుల వారపత్రిక పూర్తిగా దొరికితే ఆశ్చర్యపోవాలి గాని, పేజీలు లేకపోతే కాదు.

అమ్మ బైండ్లు తొమ్మిది నా దగ్గర ఉన్నాయి. ఒక్కోసారి సీరియల్ కంటే ఆ పేజీల వెనక్కి ఏం వచ్చిందో చూడడమే నాకు సరదా. సగం వంటకం (గోంగూర ఉడికించడం వరకు ఉంటుంది, పోపు ఉండదు), తల లేని జోకు, జుట్టు నూనె ప్రకటనలో జడ చివర. ఈ బైండ్లను కొనడానికి మనుషులు వస్తున్నారు. నేను ఎవరికీ అమ్మడం లేదు.

అయినా, మీ వ్యాపారి బొమ్మల సంగతి ముందే చెప్పి ఉండవలసింది. తెలియకపోతే అది వేరు. నంబరు మాట అంత వెంటనే నోటికొచ్చిందంటే అతనికి తెలుసు.

పాత పుస్తకాల కొట్టు (వ్యాపారిని, ఊరు చెప్పను):
ఎవరో ఒకరు మా పక్షాన కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మాకు సరుకు ఎలా వస్తుందో చాలామందికి తెలియదు. ఇంటిపెద్ద పోతాడు, పిల్లలు ఇల్లు అమ్మకానికి పెడతారు, అటక ఖాళీ చేయాలి. సాయంత్రానికల్లా అంతా తీసుకుపొమ్మంటారు. రెండు ఆటోల సరుకులో ఇరవై కిలోల గైడ్లు, పదేళ్ల పంచాంగాలు, ఆ మధ్యలో ఎక్కడో నాలుగు ‘భారతి’ సాహిత్య పత్రిక సంచికలు ఉంటాయి. చెదలు తిన్నది, తడిసినది, పురుగు పట్టినది ఏరి పారేయగా మిగిలినదే మా లాభం. ప్రతి సంచికా పేజీ పేజీ తిప్పాలంటే నాకు ఇద్దరు మనుషులు కావాలి. మా అబ్బాయే కొట్టుకు రానంటున్నాడు.

కొనేవాళ్లందరూ హరిశ్చంద్రులని అనుకోకండి. ఒక పెద్దమనిషి, బాగా చదువుకున్నాయన, ‘ఇంట్లో తీరిగ్గా చూసుకుని చెబుతాను’ అని పన్నెండు పాత ‘చందమామ’లు తీసుకెళ్లారు. నమ్మి ఇచ్చాను. నాలుగో రోజు, ‘పుస్తకాల పరిస్థితి బాగా లేదండీ, వద్దు’ అని తిరిగిచ్చారు. నడుమ పిన్నులన్నీ వదులుగా ఉన్నాయి. ఒకదాంట్లో పిన్నే లేదు. ఎందుకో నెల తిరిగాక తెలిసింది. ఆ పన్నెండూ స్కాను చేసి ఇంటర్నెట్టులో పెట్టారు, మా కొట్టు ముద్రతో సహా! ఉచితంగా చదువుకున్నవాళ్లు ఆయనకు దండాలు పెట్టారు. నా పుస్తకాలు ఇప్పటికీ అరలోనే ఉన్నాయి.

ఇంకొకాయన ‘బాల’ సంచిక ఒకటి ఇరవై రూపాయలకు పట్టుకెళ్లారు. అదేమిటో నాకు అప్పటికి తెలియదు. 1945లో రేడియో అన్నయ్య, అక్కయ్య (న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు) మొదలుపెట్టిన పిల్లల పత్రిక అని, అందులో బాపు గారు చిన్నతనంలో బొమ్మలు వేశారని తర్వాత ఆయనే ఎవరితోనో గొప్పగా చెప్పుకుంటే నా దాకా వచ్చింది. అది తప్పని అనను, బేరం బేరమే. కాని ఆ తర్వాత ఆయన అడిగినది ఏదైనా లేదనే చెబుతున్నాను.

ఆదివారం ఆబిడ్స్:
ఇరవై రూపాయలా? ఎవరండీ ఆ అదృష్టవంతుడు? (నేను కాదు.)

ఎడిసన్ వాసి (న్యూజెర్సీ):
మాలాంటివాళ్లకు చేత్తో పట్టుకునే వీలు లేదు కదా. మా మేనల్లుడిని పంపితే ‘పీడీఎఫ్ ఉంది కదా మామయ్యా, దుమ్మెందుకు’ అంటాడు. అందుకే ఫొటోల మీదే ఆధారపడతాను. కిందటి ఏడు ‘చందమామ మొదటి సంచిక, 1947 జూలై’ అని ఒకే ఫొటో ముగ్గురు వేర్వేరు మనుషుల దగ్గర నుంచి వచ్చింది. ముగ్గురికీ ఒకే బల్ల, బల్ల మీద ఒకే స్టీలు గ్లాసు! అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. నేను చెప్పిన పేజీ తెరిచి, దాని మీద ఆ రోజు తేదీ, నా పేరు రాసిన చీటీ పెట్టి ఫొటో తీయమంటాను. పుస్తకం చేతిలో ఉన్నవాడు రెండు నిమిషాల్లో పంపుతాడు. లేనివాడు కోప్పడతాడు.

ఇక్కడ కామిక్ పుస్తకాలకు పదికి ఇన్ని అని మార్కులు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇచ్చే సంస్థ ఉంది. కొనేవాడు డబ్బా మీద అంకె చూస్తాడు, అమ్మేవాడి ముఖం చూడనక్కరలేదు. మనవాటికీ అలాంటిది ఉంటే బాగుంటుంది.

బెజవాడ బైండు:
మన ‘చందమామ’ను వీధి వీధంతా చదివింది. జంతికల నూనె మరకలకు ఎన్ని మార్కులు తగ్గిస్తారు? పైగా సీలు వేస్తే చదివేదెలా?

ఎడిసన్ వాసి:
చదవడానికి పీడీఎఫ్ ఉంది కదా అని మా మేనల్లుడే అంటాడు మళ్లీ.

పిన్ను తుప్పు (తెనాలి):
1947 సంచిక మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆ ఫొటోలు కాదు గాని, అలాంటి ‘మొదటి సంచిక’ ఒకటి నేను చేత్తో పట్టుకున్నాను. మునుపు ‘చందమామ’ వెబ్‌సైటులో పాత సంచికలన్నీ చదువుకోవడానికి పెట్టారు కదా, అలాంటి స్కాను నుంచి తీసిన కలర్ ప్రింటు అది. కాగితాన్ని టీ నీళ్లలో ముంచి పసుపు రంగు తెప్పించారు. ముచ్చటైన పనే. పిన్ను దగ్గర దొరికిపోయింది.

పాత పత్రికలో పిన్ను తుప్పు పట్టి, ఆ తుప్పు నడిమి పేజీ నుంచి అట్ట వరకు ఒక్కో కాగితంలోకి దిగుతుంది. పిన్ను చుట్టూ గోధుమ రంగు మరక కడుతుంది. తర్వాత ఎవరైనా కొత్త పిన్ను కొట్టినా ఆ మరక పోదు, పాత చిల్లులూ పూడవు. నా చేతిలోని దానికి పిన్ను కింద కాగితం మల్లెపువ్వులా ఉంది. అట్ట మాత్రం కలర్ జిరాక్సు వేసి, లోపల అసలు పుస్తకం ఉంచేవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు అట్ట మరకనూ మొదటి పేజీ మరకనూ కలిపి చూడండి. రెండూ ఒకే చోట ఉండాలి.

ఆదివారం ఆబిడ్స్:
అట్టే లేకపోతే? సంవత్సరం తెలుసుకునేదెలా? పోయిన వారం కొన్న కట్టలో మూడింటికి అట్టలు లేవు, అన్నీ ‘1950లవే’ అని ఇచ్చాడు.

పిన్ను తుప్పు:
లోపలి ప్రకటనల్లో ధరలు చూడండి. మన దేశంలో నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. సబ్బు ధర అణాల్లో మాత్రమే ఉంటే చాలావరకు అంతకు ముందుది. నయాపైసలు అని ఉంటే ఆ తర్వాతది. 1964 జూన్‌లో ‘నయా’ అన్న మాట తీసేశారు, వట్టి పైసలు అయింది. కొన్నాళ్లు పాతా కొత్తా లెక్కలు కలిసి నడిచాయి కాబట్టి ఒక్క ప్రకటన చూసి ఊరుకోకండి, నాలుగైదు చూడండి. చిరునామాలు కూడా చెబుతాయి. ‘మద్రాసు-26’ అని రెండంకెలే ఉంటే పిన్‌కోడుకు ముందుది కావచ్చు, ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతదని ఖాయం. మీ మూడింటిలో ఏముంది?

ఆదివారం ఆబిడ్స్:
చూశాను. రెండింటిలో అణాలే. మూడోదాంట్లో ప్రెషర్ కుక్కరు ప్రకటన కింద పిన్‌కోడు మెరుస్తూ కనిపించింది. మోసమంటారా?

పాత పుస్తకాల కొట్టు:
మోసం కాదండీ, కట్టేవాడికి అట్ట లేని పుస్తకాలన్నీ ఒకటే. ఇలాంటి తప్పు నేనూ చేశాను. ఒక బైండు వీపు మీద ‘భారతి – రక్తాక్షి’ అని ఎవరో రాశారు. పంచాంగం తెలిసిన మా మామగారు ఆ తెలుగు సంవత్సరాన్ని లెక్కవేసి 1924 అన్నారు. ‘భారతి’ని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టినదీ 1924లోనే కదా, చేతులు వణికాయి నాకు. ఫోనులో ఒక ప్రొఫెసరు గారికి చెప్పాను, మంచి ధర ఒప్పుకున్నారు, సాయంత్రం బస్సు ఎక్కి వచ్చేశారు. తెరిచి చూస్తే 1984. అరవై ఏళ్లకు మళ్లీ రక్తాక్షే వచ్చింది, పత్రిక అప్పటికీ నడుస్తూనే ఉంది. బైండు విప్పి చూసే ఓపిక లేక అంత పని చేశాను. ఆయన నవ్వి, టీ తాగి, బస్సు టిక్కెట్టు డబ్బు కూడా తీసుకోకుండా వెళ్లారు. ఆ తర్వాత పదేళ్లు నా దగ్గరే కొన్నారు. ఇప్పుడు ఆయన లేరు. ఆయన పుస్తకాలు ఏమయ్యాయో అడిగే చనువు నాకు లేదు.

మూర్ మార్కెట్ జ్ఞాపకం (చెన్నై):
నాకు డెబ్బై ఆరు. నేను కొనడం మొదలుపెట్టింది మద్రాసు సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్లో. అక్కడ ఒక తమిళ వ్యాపారికి తెలుగు చదవడం రాదు. అయినా నాకు కావలసినవి పక్కన పెట్టేవాడు. ఎలాగో తెలుసా? నేను కొన్న పత్రికల పేర్లలో మొదటి అక్షరాన్ని బొమ్మ గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకున్నాడు. ‘భా’ కనపడితే కట్ట కట్టి ఉంచేవాడు. జీతం రాని వారం కూడా పట్టుకెళ్లమనేవాడు. బాకీ ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు, ఇద్దరికీ గుర్తుండేది. ఒక్కసారే తేడా వచ్చింది, నాలుగు రూపాయల దగ్గర. నేను ఇచ్చానన్నాను, అతను లేదన్నాడు. వారం రోజులు మాట్లాడుకోలేదు. తర్వాత నా పాత చొక్కా జేబులో ఆ నాలుగు రూపాయలు దొరికాయి.

1985 మే నెలలో మార్కెట్టు తగలబడింది. మరుసటి రోజు వెళ్లాను. అతను కనిపించాడు గాని మాట్లాడే స్థితిలో లేడు. తర్వాత ఎక్కడ కొట్టు పెట్టాడో తెలియలేదు, చాలా చోట్ల అడిగాను.

వేరే ఊళ్ల నుంచి అయితే వి.పి.పి.లో, అంటే డబ్బు కట్టి విడిపించుకునే పోస్టు పార్సిలులో, తెప్పించుకునేవాళ్లం. పోస్టుమాను చేతిలో డబ్బు పెడితేనే కట్ట ఇచ్చేవాడు, విప్పి చూడనిచ్చేవాడు కాదు. అందులోనూ మోసాలు ఉండేవి. ఆ రోజులన్నీ బంగారమని చెప్పడం లేదు. మనిషి రెండోసారి ఎదురుపడతాడన్న భయం మాత్రం ఉండేది.

ఎడిసన్ వాసి:
ఆ భయం తెప్పించడానికే మోసగాళ్ల జాబితా ఒకటి పెడదామంటున్నాను.

బెజవాడ బైండు:
వద్దండీ. కొనేవాళ్లం ఎంతమందిమి మిగిలాం? అమ్మేవాళ్లు అంతకంటే తక్కువ. ఒకరి పేరు తప్పుగా ఎక్కితే ఆ కొట్టులోని సరుకు నేరుగా కాగితపు మిల్లుకు పోతుంది. నా మాట వింటే, బాగా ఇచ్చినవాళ్ల పేర్లు వాళ్లను అడిగి మనలో మనం చెప్పుకుందాం.

అట్టలేని పుస్తకం:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా వ్యవహారం తేలింది. ఎవరు చెప్పారో గాని (ఇక్కడే ఎవరో అనుకుంటున్నాను), ఆ వ్యాపారి తనే ఫోను చేశాడు. ‘అడిగితే చెప్పేవాడిని, మీరు బొమ్మల సంగతి అడగలేదు’ అని ముందు కాసేపు వాదించాడు. తర్వాత మూడు వేలు వెనక్కి పంపాడు, పుస్తకాలు ఉంచుకోమన్నాడు. ఈ రోజు ఒక కవరు కూడా వచ్చింది. లోపల రెండు అట్టముక్కల మధ్య వపా సంతకంతో ఒక బొమ్మ, కోసిన కాగితం. వేరే కట్టలో దొరికిందట. నా నాలుగింటిలో మిగిలిన అంచులతో పెట్టి చూశాను, దేనికీ అతకలేదు. దీని ఎడమ అంచు పైన కాస్త వంకర తిరిగి ఉంది, అక్కడ బ్లేడు జారినట్టుంది. కింద మూల సిరా మరక. నీలిరంగు చీర కట్టిన అమ్మాయి, చేతిలో దీపం.

పిన్ను తుప్పు:
ఆ వంకర పై నుంచి ఎన్ని అంగుళాల దగ్గర మొదలవుతుందో కొలిచి చెబుతారా? బొమ్మ లేని దీపావళి సంచిక ఒకటి నా దగ్గర ఉంది. దానికి సిరా మరక తర్వాతి పేజీలో ఉంది.