టీఎస్‌హెచ్ 0.02, ఫ్రీ టీ4 నార్మల్: ఇది హైపర్ థైరాయిడేనా?

ప్రశ్న:
టీఎస్‌హెచ్ 0.02 (రేంజ్ 0.4–4.0), ఫ్రీ టీ4 1.6 (రేంజ్ 0.8–1.8). గుండె దడ, చేతుల వణుకు ఉన్నాయి. టీఎస్‌హెచ్ తగ్గిందంటే థైరాయిడ్ తక్కువ పనిచేస్తున్నట్టే కదా? కార్బిమజోల్ ఎందుకు వాడమంటున్నారు?

జవాబు 1:
కాదండీ, టీఎస్‌హెచ్‌ని తిరగేసి చదవాలి. అది పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కి ఇచ్చే పురమాయింపు. రక్తంలో థైరాయిడ్ హార్మోన్లు (టీ4, టీ3) ఎక్కువైతే, అంటే హైపర్ థైరాయిడ్ అయితే, పిట్యూటరీ పురమాయించడం మానేస్తుంది, టీఎస్‌హెచ్ పడిపోతుంది. మీ రిపోర్టులో లేనిది టీ3 టెస్టు. కొందరిలో టీ4 రేంజ్ దాటకుండానే టీ3 ఒక్కటే పెరుగుతుంది; దడకీ వణుకుకీ అదే చాలు. ముందు అది చేయించండి. టీ3 కూడా నార్మలే అయితే దాన్ని సబ్‌క్లినికల్ అంటారు, కొన్ని వారాలాగి మళ్లీ చూస్తారు.

జవాబు 2:
జుట్టుకీ గోళ్లకీ బయోటిన్ మాత్రలు వాడుతున్నారా? కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4, టీ3 ఎక్కువగా కనిపిస్తాయి. జబ్బేమీ ఉండదు, కాగితం మీద మాత్రం అచ్చం హైపరే! కనీసం 2 రోజులు ఆపి రక్తం ఇవ్వాలి. గర్భం మొదటి 3 నెలల్లో కూడా టీఎస్‌హెచ్ సహజంగానే తగ్గుతుంది.

జవాబు 3:
కారణం తేలకుండా కార్బిమజోల్ మొదలుపెట్టడం నాకు నచ్చదు. ఆ మందు కొత్త హార్మోన్ తయారీని ఆపుతుంది. గ్రేవ్స్‌లో పనిచేస్తుంది, ఎందుకంటే ఆ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ రెచ్చగొట్టడం వల్ల గ్రంథి అతిగా తయారుచేస్తోంది. థైరాయిడైటిస్‌లో వాచిన గ్రంథి నుంచి నిల్వ ఉన్న హార్మోన్ కారుతుంది, అక్కడ దీనివల్ల లాభం లేదు. తేడా తెలియాలంటే ట్రాబ్ (గ్రేవ్స్‌లో థైరాయిడ్‌ని రెచ్చగొట్టే యాంటీబాడీ) టెస్టు, లేదా గ్రంథి కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థాన్ని ఎంత పీల్చుకుంటుందో చూసే అప్‌టేక్ స్కాన్: గ్రేవ్స్‌లో అప్‌టేక్ ఎక్కువ, థైరాయిడైటిస్‌లో దాదాపు ఉండదు. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ ఈ స్కాన్ చేయరు. ఈలోగా దడకి డాక్టర్ ప్రొప్రనొలాల్ రాయొచ్చు. ఆస్తమా ఉంటే ముందే చెప్పండి, ఆ మందుతో అది ఎక్కువ కావొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
బయోటిన్ వాడట్లేదండి. గ్రేవ్స్ అని తేలితే, మందు మొదలైన ఎన్నాళ్లకి టీఎస్‌హెచ్ పెరుగుతుంది?

జవాబు 3:
తొందరపడకండి. 4–6 వారాలకి మళ్లీ టెస్టు చేస్తారు, కానీ అప్పుడు చూడాల్సింది టీ4, టీ3. అవి దిగినా టీఎస్‌హెచ్ నెలల తరబడి అణిగే ఉండొచ్చు. దాన్ని చూసి డోసు పెంచితే హైపో (థైరాయిడ్ హార్మోన్ తక్కువ) అవుతుంది. మరొకటి: ఈ మందు వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే మాత్ర ఆపి అదే రోజు డాక్టర్‌ని కలిసి తెల్ల రక్తకణాల లెక్క చేయించాలి. ఆ కణాలు ప్రమాదకరంగా పడిపోవడం అరుదే, వస్తే ఎక్కువగా మొదటి 3 నెలల్లోనే.