పెంజీకటా, పెనుచీకటా? (డార్క్ ఫైబర్‌కి తెలుగు మాట)

పోగుల_వేట: నగరాల ఫైబర్ నెట్‌వర్క్‌ల మీద వ్యాసం రాస్తూ 'డార్క్ ఫైబర్' దగ్గర ఆగిపోయాను. కేబుల్ వేసేశారు, కానీ చివర్లలో లేజర్ తగిలించలేదు, లోపల కాంతి లేదు. 'చీకటి పోగు' అని రాశానో లేదో పోతన గజేంద్రుడు పట్టుకున్నాడు, 'పెనుచీకటి కవ్వల...' అని. తర్వాత వచ్చే 'వెలుగు' నామవాచకమేనా? అయితే లేజర్ తగిలించి వాడుతున్న పోగుకి, అంటే లిట్ ఫైబర్‌కి, 'వెలుగు పోగు' అనేస్తాను.

కందపద్యం: పెనుచీకటి కాదండీ, పెంజీకటి. రెండో పాదం 'పెం' దగ్గర ఆగి, 'జీకటి' మూడో పాదంలో పడుతుంది. కందంలో రెండో పాదం చివర గురువు ఉండి తీరాలి. 'పెను' పెడితే రెండూ లఘువులే, చివరి గణం నలం (నాలుగూ లఘువులే) అయిపోతుంది.

గాజు_దారి: ఛందస్సు సరే, అసలు 'చీకటి' అనడమే నాకు నచ్చలేదు. ఇళ్ళకి ఫైబర్ ఇచ్చే ప్యాసివ్ ఆప్టికల్ నెట్‌వర్క్ (పాన్) ఉంది కదా, అందులో పాత తరమైన జీపాన్‌లో ఇళ్ళవైపు వెళ్ళే కాంతి తరంగదైర్ఘ్యం 1490 నానోమీటర్లు, తిరిగి వచ్చేది 1310. కొత్త తరమైన ఎక్స్‌జీఎస్-పాన్‌లో 1577, 1270. తరంగదైర్ఘ్యాలు వేరు కాబట్టే పాత తరం, కొత్త తరం ఒకే పోగులో కలిసి నడుస్తాయి, సర్వీసు ఇచ్చేవాళ్ళు మళ్ళీ రోడ్డు తవ్వక్కర్లేదు. అన్నీ పరారుణమే, అంటే లేజర్ వెలుగుతున్న పోగు కూడా కంటికి చీకటే! 'వెలిగించని పోగు' అనండి.

నిఘంటుప్రియ: 'వెలుగు' అక్కడ క్రియ. ఎవ్వడు ఏకాకృతితో వెలుగుతాడో అతణ్ణి. 'వెలిగించని' కూడా క్రియలోంచే వచ్చింది కాబట్టి నా ఓటు దానికే. పనిలో పనిగా, పాన్‌లోని 'ప్యాసివ్‌'కి 'నిష్క్రియ' రాయకండి దయచేసి. స్ప్లిటర్ కరెంటు లేకుండానే ఒక పోగులోని కాంతిని 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతుంది. అంత పని చేసేదాన్ని నిష్క్రియ అంటే పాడైపోయిందనుకుంటారు.

కందపద్యం: మరి 'ఏకాకృతి'? ఒకటే రూపం అన్నాడు, మీ స్ప్లిటరేమో 32 చేస్తోంది. ఆ పద్యంలో లోకాలన్నీ తెగిపోయాక మిగిలేది ఒక్కటే. ఈ పోలిక అక్కడికి ఎక్కదండీ.

గాజు_దారి: ఎందుకెక్కదు? పంచినకొద్దీ బలం తగ్గుతుంది, 32 వాటాలకి కనీసం 15 డెసిబెల్స్ పోతుంది, కానీ అందరికీ చేరేది అదే కాంతి. ఎవరి వంతు వాళ్ళు విప్పుకుంటారు.

పోగుల_వేట: 'వెలిగించని పోగు' రాసి చూశాను, శీర్షికలో పొడుగైపోతోంది. 'పెంజీకటి'లాగా ఒక్క మాటగా అతుక్కునేది కావాలి.

నిఘంటుప్రియ: 'వెలగనిపోగు'? అన్నట్టు పద్యంలో అది 'వెలుఁగు', అరసున్న మరిచిపోయారు అందరూ.