ప్రైవేట్ ఎఫ్ఎంలలో వార్తలు చదవనివ్వాలా, వద్దా?

పాత_ట్రాన్సిస్టర్:
మొన్న వానాకాలంలో కారులో వస్తుంటే ఎదురుగా ఆకాశమంతా నల్లటి పొగ. ఎఫ్ఎం పెట్టాను. "అటువైపు ట్రాఫిక్ మళ్లించారు, వేరే రూటు చూసుకోండి" అని ఆర్జే పాట వేసేసింది. ఏం తగలబడింది, అద్దాలు ఎత్తుకోవాలా అన్నది ఒక్క ముక్క లేదు. ఆవిడ తప్పు కాదు. రూల్ ప్రకారం ప్రైవేట్ ఎఫ్ఎంలు ట్రాఫిక్, వాతావరణం చెప్పొచ్చు, సొంతంగా వార్తలు చెప్పకూడదు. కావాలంటే ఆకాశవాణి వార్తల్ని మార్చకుండా వేసుకోవచ్చు. మన దేశంలో ప్రైవేట్ ఎఫ్ఎం మొదలైంది 2001లో, ఇప్పటికీ ఇదే పరిస్థితి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది కదా! టీవీకి 24 గంటలూ వార్తలు ఇచ్చి, రేడియో నోరు మాత్రం ఎందుకు కట్టేయాలి?

డెస్క్‌లో_పదేళ్లు:
ఒక మాట వదిలేశారు. విపత్తులు, ఆరోగ్యం గురించి స్థానిక అధికారులు ఇచ్చే హెచ్చరికలు ఎఫ్ఎంలు చదవొచ్చు. ఇక వార్తలంటారా, నాకు భయం. టీవీ డెస్క్ మీద పనిచేశాను. నిజమో కాదో కనుక్కుందామని ఫోన్ ఎత్తేలోపే పక్క ఛానెల్‌లో బ్రేకింగ్ పడిపోయేది, ఇక మేమూ వేసేసేవాళ్లం. బతికున్న మనిషి పోయాడని వేసి, అరగంటకి తీసేసిన రాత్రి నాకింకా గుర్తే. ఎఫ్ఎం స్టేషన్లకి రిపోర్టర్లేరీ? వాళ్ల జీతాలు ఎవరిస్తారు? ఎన్నికలొస్తే లోకల్ నాయకుడు ఇస్తాడు.

ఎర్రనేల:
మీరిద్దరూ సిటీ దాటట్లేదండీ. జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో సంఘం రేడియో 2008లో మొదలైంది. నడిపేది దళిత మహిళలు. విత్తనాలు, పంటలు, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. ఇలా స్థానికులే తమ కోసం నడుపుకునే కమ్యూనిటీ రేడియోకీ వార్తల విషయంలో ఇదే కట్టుబాటు. అంటే, అలాంటి స్టేషన్‌లో విత్తనం ఎలా దాచుకోవాలో చెప్పొచ్చు, ఊళ్లో నకిలీ విత్తనం అమ్మారని వార్తగా చెప్పకూడదు. నాకైతే ఈ రెండోదే ముఖ్యం. ముందు వీళ్లకివ్వండి, కంపెనీల సంగతి తర్వాత.

పాత_ట్రాన్సిస్టర్:
డెస్క్ గారూ, అధికారులు చెప్పేదాకా ఆగాలన్నదే నా బాధ. ఆ రోజు ఆర్జే ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పింది చెప్పి ఉంటే చాలు. ప్రైవేట్ ఎఫ్ఎంలకి గంటకు 10 నిమిషాలు వార్తలు ఇవ్వొచ్చని టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సిఫార్సు చేసింది. ఆ 10 నిమిషాల్లో అరుపుల డిబేట్లకి చోటెక్కడిది? ఎర్రనేల గారి మాటా నిజమే, కమ్యూనిటీ రేడియోని నేను మర్చిపోయాను. ముందు వాళ్లకే ఇవ్వాలి.

డెస్క్‌లో_పదేళ్లు:
10 నిమిషాలంటే ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. వార్త ఎవరు కనుక్కున్నారో పేరు చెప్పి చదవాలి. తప్పు చదివితే మర్నాడు అదే టైమ్‌కి, అదే గొంతుతో దిద్దుకోవాలి. రిపోర్టర్‌ని పెట్టుకోలేని స్టేషన్ పాటలే వేసుకోనివ్వండి.