అల్లెలూయ, హల్లెలూయ: చివరి ‘యా’ సంగతి

ప్రశ్న: మా ఊరి ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) గుడిలో ‘అల్లెలూయ’ అంటారు. పక్క వీధి బాప్టిస్టు చర్చిలో ‘హల్లెలూయ’ అంటారు. ఏది ఒప్పు? తపస్సుకాలంలో (ఈస్టరుకి ముందు నలభై రోజుల ఉపవాస కాలంలో) మా గుడిలో ఆ మాటే వినపడదు, ఎందుకని?

జవాబు: రెండూ ఒప్పేనండి, వచ్చిన దారులే వేరు. మూలం హీబ్రూ, అందులో మొదటి అక్షరం ‘హ’. గ్రీకు అక్షరమాలలో ‘హ’కి విడిగా అక్షరం లేదు. కాబట్టి గ్రీకులోంచి లాటిన్‌లోకి వచ్చేసరికి ‘అల్లెలూయ’ అయింది. కతోలికుల పూజ శతాబ్దాలపాటు లాటిన్‌లో సాగింది, అందుకే గుళ్లలో ఆ రూపం ఉండిపోయింది. ప్రొటెస్టెంట్ల పాటల్లో హీబ్రూకి దగ్గరి రూపం నిలిచింది.

నాకు మాత్రం మొదటి అక్షరం కన్నా చివరిదే ముఖ్యం. ‘హల్లెలూ’ అంటే స్తుతించండి. ‘యా’ అంటే దేవుడి పేరు, యెహోవా అనే నామానికి పొట్టి రూపం. మన తెలుగు బైబిల్లో 150వ కీర్తన ‘యెహోవాను స్తుతించుడి’ అని మొదలవుతుంది. ఆ ‘డి’ని గమనించండి, అది బహువచనం. 103వ కీర్తనలో ‘నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము’ అని కీర్తనకారుడు తనలో తాను చెప్పుకుంటాడు, అక్కడ ఏకవచనం. అల్లెలూయ అలా కాదు. పక్కవాళ్లని పిలిచి చెప్పే మాట.

ఇక తపస్సుకాలం. రోమను ఆచారంలో తపస్సుకాలం మొదలయ్యే విభూతి బుధవారం నుంచి పాస్కా (ఈస్టర్) జాగరణ రాత్రి దాకా ఆ మాట పాడరు. సువిశేషం (యేసు జీవితం చెప్పే బైబిల్ భాగం) చదివేముందు దాని బదులు వేరే స్తుతి పాడతాం. వాద్యాలు కూడా పాటకి ఆసరాగానే మోగాలని నియమం. నేను ఇరవై ఏళ్లుగా గుడిలో హార్మోనియం వాయిస్తున్నాను. ఆ రోజుల్లో చరణాల మధ్య బిట్లు మానేస్తాం. మొదట్లో కొత్తవాళ్లకి చేతులు ఊరుకోవు, పాట వెలితిగా ఉందంటారు. రెండో వారానికి ఆ వెలితిలోనే పాటలోని మాటలు వినపడటం మొదలవుతుంది. సిలువమార్గంలో, అంటే యేసు సిలువ మోసిన దారిని తలుచుకునే ప్రార్థనలో, ఒక్కో స్థలం దగ్గరా ఆగి పాడే పల్లవికి వెనక ఏ వాద్యమూ లేకపోతే, ముసలివాళ్ల గొంతులో వణుకు కూడా తెలుస్తుంది. నాకు ప్రార్థన నేర్పింది ఆ వణుకే.

పాస్కా పాటల రిహార్సల్ ఎలాగూ ముందే చేయాలి కదా. మా క్వైర్‌లో అల్లెలూయ వచ్చే చోట ఉత్త అకారం తీస్తాం. ఎవరూ పెట్టిన రూలు కాదు, మా అలవాటు. ఒకసారి ఒక చిన్నపిల్ల నోరుజారి మాట అనేసి చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాటలో ఒక మాటకి అంత బరువు ఉంటుందని ఆ పిల్లకి ఎవరూ పాఠం చెప్పలేదు.

జాగరణ రాత్రి పత్రిక (బైబిల్లోని అపొస్తలుడి లేఖ) చదవడం అయ్యాక అందరం లేస్తాం. ఫాదర్ అల్లెలూయ ఎత్తుకుంటారు, జనం అందుకుంటారు. మూడుసార్లు, ఒక్కోసారి ఒక్కో మెట్టు పైకి. మొదటిసారి జనం గొంతు తడబడుతుంది, నలభై రోజులు పలకని మాట మరి! మూడోసారికి చాపల మీద నిద్రపోయిన పిల్లలు లేచి కూర్చుంటారు.

పాత లాటిన్ గానంలో ఆ చివరి ‘య’ మీద పొడుగ్గా ఆలాపన చేసేవారు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీను (354–430) ఇలాంటి మాటల్లేని పాట గురించి ఒక కీర్తన వివరణలో చెప్పాడు: కోతల్లో, ద్రాక్షతోటల్లో పాడేవాళ్లు మాటలతో మొదలుపెడతారు, సంతోషం పట్టలేనప్పుడు మాటలు వదిలేసి ఉత్త గొంతు ఎత్తుతారు. నాట్లేసేటప్పుడు ఆడవాళ్లు పల్లవి చివర రాగం తీయడం విన్నవాళ్లకి ఇది వేరే వివరించక్కర్లేదు.

వ్యాఖ్య: గ్రీకు ఆర్థడాక్స్ వాళ్లు తపస్సుకాలంలోనూ అల్లెలూయ పాడతారు కదన్నా?

జవాబు: అవును తమ్ముడూ, మామూలు రోజులకన్నా ఎక్కువే పాడతారు. వాళ్ల ఉదయ ప్రార్థనలో తపస్సుకాలపు రోజు అని తెలిపేది ఆ మాటే. కాబట్టి మౌనం పడమటి ఆచారం, అంటే మన రోమను వాళ్లది. నేను పెరిగింది ఇందులో, నా చెవికి పట్టింది ఇదే.

వ్యాఖ్య: తేటగీతి పద్యం రాస్తున్నాను. ‘అల్లెలూయ’ పడుతుందా మాస్టారూ?

జవాబు: చక్కగా పడుతుంది. అల్లె, లూయ రెండూ గురువు-లఘువు, అంటే రెండు హగణాలు, హగణం సూర్యగణమే. తేటగీతి పాదం రెండు సూర్యగణాలతోనే కదా ముగిసేది, చివర అచ్చంగా ఒదుగుతుంది. పద్యంలో ‘య’ లఘువుగానే ఉండనివ్వండి. పాడేటప్పుడు మాత్రం తుంచకండి, అది ఆయన పేరు. జాగరణ రాత్రి మూడోసారి ఆ ‘యా’ మీద, తిత్తిలో గాలి అయిపోయేదాకా నేను మెట్టు మీంచి వేలు తియ్యను.